కాళ్ళు అందని బండి

మా బావ కళ్ళజోళ్ళు చేస్తాడు. కళ్ళు పరీక్షించి, పవర్ తేల్చి, అద్దాన్ని ఫ్రేముకు సరిపడా అరగదీసి, అది ముక్కు మీద కుదురుగా కూర్చునేదాకా చెవుల దగ్గర కాడలు వెచ్చజేసి వంచి ఇస్తాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే పని, అదే గది. ఆ గది ఎంతంటే, బావ కుర్చీలోంచి లేవకుండానే బీరువా తెరవగలడు, ఫ్యాను ఆపగలడు, వచ్చినవాళ్ళ గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుగులోకి తిప్పగలడు. అక్షరాల అట్ట చదివించడానికి తగినంత దూరం లేదని, అట్టను కుర్చీ వెనక వేలాడదీసి ఎదురుగోడకు అద్దం బిగించాడు. ఊళ్ళో సగం మంది లోకాన్ని చూస్తున్నది ఆయన చేసిన అద్దాల్లోంచే. ఆయన మాత్రం ఆ గది దాటి చూసింది తక్కువ.

మనిషి ఐదడుగుల రెండంగుళాలు. నెమ్మదస్తుడు. అబద్ధమాడటం చేతకాదు. నేర్పినా రాదు. "ఈ ఫ్రేము నాకు బాగుందా?" అని ఎవరైనా అడిగితే, "లేదండీ, ముఖం చట్టిలా కనిపిస్తోంది" అని చెప్పి, ఖరీదైన ఆ ఫ్రేమును తనే తీసి లోపల పెట్టేస్తాడు. మా అక్క చూసీ చూసీ విసిగిపోయింది.

అలాంటి మనిషి తన యాభయ్యో ఏట ఒక మోటార్‌సైకిల్ కొన్నాడు.

అందుకు కారకుడు ఒక సర్వేయరు. కొండల్లో, గుట్టల్లో కొలతలు తీసే ఆ మనిషి, విరిగిన కళ్ళజోడును చేతిరుమాల్లో మూటగట్టుకుని షాపుకొచ్చాడు. బయట ఆయన బండి నిలబడి ఉంది. సన్నగా, పొడుగ్గా, ముందుచక్రానికీ దాని పైరేకుకూ మధ్య పిల్లి దూరేంత సందు. టైర్ల మీద అరచేతి మందాన గళ్ళు.

"ఇది రోడ్డు మీదా వెళ్తుంది, రోడ్డు లేని చోటా వెళ్తుందండీ" అన్నాడు సర్వేయరు.

ఆ కళ్ళజోడు బాగుచేయడానికి పావుగంట చాలు. బావ గంటన్నర తీసుకున్నాడు. అంతసేపూ ఆయన చేత వాగుల గురించీ, రాళ్ళదారుల గురించీ, గుట్ట మీద నిలబడి చూస్తే కిందున్న ఊరు ఎలా ఉంటుందన్నదాని గురించీ చెప్పించుకున్నాడు. వారం తిరక్కుండా అలాంటి బండే, సరికొత్తది, అక్కావాళ్ళ వాకిట్లో నిలబడింది.

అక్క గుమ్మంలోంచి దాన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"ఇదేంటండీ?"

"ఇది రోడ్డు లేని చోట కూడా వెళ్తుందే."

"రోడ్డు లేని చోట మనకేం పని?"

బావ హెల్మెట్ తుడుచుకుంటూ నిలబడ్డాడు.

అసలు చిక్కు వేరే ఉంది. ఆ బండి మీద కూర్చుంటే బావ కాళ్ళు నేలకు అందవు. కొనేటప్పుడు అది స్టాండు మీద ఉంది. ఎక్కి కూర్చున్న సంతోషంలో కిందికి చూసుకోలేదు. సీటు మీద ఓ పక్కకు బాగా జరిగితే ఎడమకాలి బొటనవేలు నేలను పలకరించి వస్తుంది, అంతే. కదులుతున్నంతసేపూ మహారాజే. ఆగాలంటేనే ప్రాణం మీదికొచ్చేది.

అందుకని బావ ఉన్న ఊరినే మళ్ళీ మొదటినుంచి చదువుకున్నాడు. ఏ సిగ్నల్ దగ్గర ఎడమవైపు ఎత్తు గట్టుందో, ఏ మలుపులో కాలు మోపడానికి రాయి ఉందో, ఏ షాపు మెట్టు రోడ్డు మీదికి పొడుచుకొచ్చిందో అన్నీ కంఠతా వచ్చేశాయి. బ్యాంకుకు తిన్నగా వెళ్తే రెండు నిమిషాలు. బావ పోస్టాఫీసు మీదుగా చుట్టు తిరిగి తొమ్మిది నిమిషాల్లో వెళ్ళేవాడు. ఆ దారిలో మూడు మంచి గట్లున్నాయి మరి. ఆదివారాలు నన్ను వెనక కూర్చోబెట్టుకుని, "ఇదిగో, ఇది కొత్తగా కట్టారు, బంగారం లాంటి గట్టు" అని చూపించేవాడు.

అక్క బండెక్కాలంటే ప్లాస్టిక్ స్టూలు కావాలి. ఎక్కడం ఎక్కేస్తుంది. స్టూలు వాకిట్లో ఉండిపోతుంది. మరి దిగడం? ఒకసారి కూరగాయలకని వెళ్ళారు. మార్కెట్ ముందు గట్టు మీద ఎవరో ఉల్లిపాయల బస్తాలు పేర్చారు. గట్టు ఖాళీ అవుతుందేమోనని మార్కెట్ చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి, దిగకుండానే ఇంటికి తిరిగొచ్చారు.

"ఏం తెచ్చావక్కా?" అన్నాను.

"గాలి" అంది. "బాగా తగిలింది."

ఆ తర్వాత స్టూలును కూడా బండి వెనక తాడేసి కట్టుకుని వెళ్ళేవారు.

బండి కొన్న పదో నెలలో లారీ సంగతి జరిగింది. పెద్ద కూడలిలో రోడ్డు వెడల్పు చేస్తూ, బావ ఎప్పుడూ కాలు పెట్టే గట్టును రాత్రికి రాత్రి తవ్వేశారు. పొద్దున్నే షాపుకు వెళ్తున్న బావకు ఎర్రలైటు పడింది. కాలు చాపితే గట్టు లేదు. పక్కనే ఇసుక లారీ ఆగి ఉంది. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు, దాని పక్కనున్న ఇనపకమ్మీని పట్టుకున్నాడు. పట్టు బాగా కుదిరింది. లైటు మారింది. లారీ కదిలింది. ఆ కంగారులో చెయ్యి వదలాలన్న సంగతి బావకు తట్టలేదు. చెయ్యి లారీతో, కాళ్ళు బండితో. నాలుగడుగులు అలా సాగి, చివరికి రెండింటికీ చెందకుండా రోడ్డు మధ్యలో కూర్చుండిపోయాడు. బండి తొందరేం లేనట్టు మెల్లగా పక్కకు ఒరిగి పడుకుంది.

ఎక్కడా గీత కూడా పడలేదు. కానీ ట్రాఫిక్ పోలీసు వచ్చి చెయ్యందించి లేపుతూ, "మాస్టారూ, లారీ మీద వెళ్తారో బండి మీద వెళ్తారో ముందు తేల్చుకోండి" అన్నాడట. అది మాత్రం బావకు తగిలింది.

మర్నాడు నన్ను పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టాడు. నేను ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను కాబట్టి, ఇంట్లో ఎవరేం రాసినా నా దగ్గరికే వస్తుంది. అందులో ఇలా ఉంది:

"మోటార్‌సైకిల్ అమ్మబడును. పది నెలలు వాడినది. పద్దెనిమిది వందల కిలోమీటర్లు తిరిగినది. నాలుగుసార్లు పడినది. మూడుసార్లు తప్పు నాది, ఒకసారి లారీది. బండి తప్పు ఎన్నడూ లేదు. రోడ్డు లేని చోట ఎలా నడుచునో నాకు తెలియదు. పొడుగైనవారు మాత్రమే రావలెను."

"బావా, ఇది ప్రకటనా, వాంగ్మూలమా?" అన్నాను.

"ఇందులో అబద్ధమేదైనా ఉంటే కొట్టెయ్యి."

అబద్ధం లేదు, అదే కదా బాధ. బతిమాలి బతిమాలి నాలుగు వాక్యాలు తీయించాను. "పొడుగైనవారు" మాత్రం ససేమిరా తీయనివ్వలేదు.

మొదట ఒక కుర్రాడొచ్చాడు. తాటిచెట్టంత ఉన్నాడు. నల్ల జాకెట్టు, నల్ల చేతితొడుగులు. బండి మీద కూర్చుని, నిలబడి, పడుకుని, ట్యాంకు మీద గడ్డం ఆనించి తన స్నేహితుడి చేత ఓ నలభై ఫొటోలు తీయించుకున్నాడు. ఇంటికెళ్ళాక ఫోన్ చేసి, "బండి అదిరింది అంకుల్. కానీ ఫొటోలు చాలు" అన్నాడు.

తర్వాత బేకరీ ఓనరొచ్చాడు. ఆయన పొడుగరే, పద్ధతైన మనిషి, అడిగిన ధరకు ఎదురు మాట్లాడలేదు. బేరం కుదిరిపోయిందనే అనుకున్నాను. అంతలో బావ నోరు తెరిచాడు.

"దీని మీద ఎక్కడెక్కడికి వెళ్తారండీ?"

"ఇంకెక్కడికండీ, ఇంటినుంచి బేకరీకి. బేకరీనుంచి ఇంటికి."

"మధ్యలో వాగులేమైనా ఉన్నాయా?"

"వాగెక్కడిది? తారురోడ్డే."

"అయితే మీకు స్కూటరు చాలండి. కేకులు పెట్టుకోవడానికి ముందు జాగా కూడా ఉంటుంది."

ఆయన "అదీ నిజమేనండోయ్" అని, మంచి సలహా ఇచ్చినందుకు బావ చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. మర్నాడు స్కూటరు కొన్నాడని తెలిసింది.

ఆ సాయంత్రం అక్క నడుం మీద చేతులు పెట్టుకుని నిలదీసింది. "అసలు మీరు బండి అమ్ముతున్నారా, కాపలా కాస్తున్నారా?"

బావ సీటు మీద దుమ్ము దులుపుతూ అన్నాడు. "నా దగ్గరికొచ్చి ఇది పది నెలలు వృథాగా పోయిందే. ఇంకోడి దగ్గరికెళ్ళి మళ్ళీ బేకరీకే తిరిగితే ఎట్లా?"

"అది బండండీ బాబూ, కన్నకూతురు కాదు."

నేను మధ్యలో ఓ మాట అనబోయి, అక్క చూపు చూసి మానుకున్నాను.

మూడోవారంలో పశువుల డాక్టరమ్మ షాపుకొచ్చింది. మాకు కొత్త, ఊరికి కూడా కొత్తే. బదిలీ మీద వచ్చి రెండు నెలలైందట. ముప్ఫై దాటిన మనిషి, గుమ్మంలోంచి తలొంచుకుని లోపలికొచ్చేంత పొడుగు. ప్యాంటు మోకాళ్ళదాకా బురద ఎండి ఉంది. మాట కూడా చుట్టు తిప్పకుండా మాట్లాడుతుంది.

"వాగవతల పద్నాలుగు పల్లెలున్నాయండీ నాకు. స్కూటరు వాగు దగ్గరే చతికిలబడుతోంది. అక్కణ్ణుంచి నడక. మొన్న దూడ అడ్డం తిరిగిందని కబురొస్తే నేను నడిచెళ్ళేసరికి ఆవే ఎలాగో కనేసింది. నన్ను చూసి ఇప్పుడెందుకొచ్చావన్నట్టు మొహం తిప్పుకుంది."

బావ తాళంచెవి ఇచ్చాడు. ఆమె బండి మీద కూర్చుంది. రెండు పాదాలూ, మడమలతో సహా, నేల మీద నిండుగా ఆనాయి.

"రెండు కాళ్ళూ!" అన్నాడు బావ నా చెవిలో, ఏదో వింత చూసినట్టు.

ఆమె బండిని ఒక చుట్టు తిప్పి వస్తానని వెళ్ళింది. వీధి చివరిదాకా శబ్దం విన్నాం. అక్కడ గుంటల్లోకి దింపి, ఇటుకల కుప్ప ఎక్కించి, దించి, వెనక్కి తిప్పింది. చక్కగా వస్తోంది. బావ ముఖం వెలిగిపోతోంది. షాపు ముందుకొచ్చింది. ఆగలేదు. మమ్మల్ని దాటి, పక్కనున్న దర్జీని దాటి, సిమెంటు కొట్టు ముందు ఆగి, అక్కడున్నవాళ్ళను ఏదో అడిగి, వెనక్కొచ్చింది.

"సారీ అండీ, షాపు దాటిపోయాను."

బావ ముఖంలో వెలుగు ఆరిపోయింది. ఆ చూపు నాకు తెలుసు. అది బండి అమ్మేవాడి చూపు కాదు, కళ్ళజోళ్ళవాడి చూపు.

"బోర్డు కనపడలేదామ్మా?"

"చిన్న అక్షరాలు కదండీ."

"రెండడుగుల అక్షరాలమ్మా అవి. ఒకసారి లోపలికొచ్చి కూర్చోండి."

"కాగితాలు రాసుకుందామా?"

"కాదు. అద్దంలోకి చూసి మూడోవరస చదవండి."

నేను బావ చొక్కా లాగాను. లాభం లేకపోయింది. ఆమె నవ్వుతూనే కూర్చుంది. మొదటివరస చదివింది. రెండోవరసలో రెండక్షరాలు తప్పు చెప్పింది. మూడోవరసకు ఏకంగా తన సొంత కవిత్వం చెప్పింది.

"మీకు దూరపు చూపు బాగా తగ్గిందమ్మా" అన్నాడు బావ.

"నాకేం పర్వాలేదండీ. ఆవుకు సూది ఎక్కడ వెయ్యాలో నాకు శుభ్రంగా కనిపిస్తుంది."

"అప్పుడు మీరు ఆవు పక్కనుంటారు కాబట్టి. ఈ బండి మీద వెళ్తుంటే ఆవు దూరంనుంచి ఎదురొస్తుంది. కళ్ళజోడు పెట్టుకుంటేనే బండి ఇస్తాను."

ఆమె లేచి నిలబడింది. గదిలో ఇంకెవరికీ గాలి మిగల్లేదు. "నేను బండి కొనడానికొచ్చాను. కళ్ళజోడు అంటగట్టడానికి ఇదో కొత్త ఎత్తా?"

"డబ్బులొద్దమ్మా. అద్దాలు ఊరికే చేసిస్తాను."

"నాకేం ఊరికే వద్దు!" అని తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. పోతూ పోతూ గుమ్మం పైకమ్మీకి తల కొట్టుకుంది. అది చూపు తక్కువై కాదు, కోపం ఎక్కువై.

సంగతి విన్న అక్క, ఆ పూట బావతో మాట్లాడలేదు. అన్నం వడ్డించి, గోడతో అంది. "ధర ఒప్పుకుంది. పొడుగుంది. వాగులున్నాయి. ఇంకేం కావాలట ఈ మనిషికి, ఆకాశంనుంచి ఊడిపడాలా?"

"ఆ అమ్మాయి రేపు ఎవరినైనా గుద్దితే?" అన్నాడు బావ, అదే గోడతో.

గోడ ఎవరి పక్షమూ వహించలేదు. రెండురోజులు ఇల్లంతా గిన్నెల చప్పుడే. బావ షాపులో కూర్చుని ఎవరి అడుగుల చప్పుడు విన్నా తలెత్తేవాడు. "తప్పు చేశానంటావా?" అని నన్నడిగాడు. చేయలేదని చెబితే అక్కకు కోపం, చేశావని చెబితే అబద్ధం. ప్రూఫులున్నాయని చెప్పి తప్పించుకున్నాను.

మూడోరోజు పొద్దున డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి తలొంచుకునే వచ్చింది, గుమ్మం కోసం కాదు. ఎవరూ చెప్పకుండానే కుర్చీలో కూర్చుని, అద్దం వైపు తిరిగింది.

"ఏమైందమ్మా?" అన్నాడు బావ.

"నిన్న చేను గట్టు మీద నల్లగా ఒక గేదె పడిపోయి ఉందండీ. కదలట్లేదు. పాముకాటేమోనని పరిగెత్తాను. పరిగెడుతూనే సిరంజిలోకి మందు ఎక్కించాను."

"అయ్యో. బతికిందా?"

"టార్పాలిన్ కప్పిన నీళ్ళమోటారండీ."

బావ నోరు గట్టిగా బిగించుకున్నాడు.

"ఆ రైతు పక్కనే ఉన్నాడు. నవ్వినా బాగుండేది. చేతులు కట్టుకుని, 'మోటారుక్కూడా సూదేస్తారా అమ్మా? నిన్నట్నుంచి నీళ్ళు సరిగ్గా రావట్లేదు' అన్నాడు. ఏ వరస చదవాలో చెప్పండి."

నాకు దగ్గొచ్చి బయటికెళ్ళాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి బావ పరీక్ష మొదలుపెట్టాడు. ఒక్కో అద్దం మారుస్తూ, "ఇది బాగుందా, ఇది బాగుందా" అని అడుగుతూ, ఆమె తొందరపడినా తను తొందరపడకుండా గంటసేపు చూశాడు. హెల్మెట్ కింద నొక్కుకోకుండా కాడలు పలచగా, తిన్నగా ఉండే ఫ్రేము ఏరాడు. హెల్మెట్ తెప్పించి, దాంతోనే నాలుగుసార్లు పెట్టించి తీయించి చూశాడు. అద్దాలు తనే అరగదీశాడు. డబ్బు విషయంలో ఇద్దరూ కాసేపు గింజుకుని, చివరికి అద్దాల ఖరీదు ఆమె ఇచ్చేటట్టూ, ఫ్రేము బావ ఇచ్చేటట్టూ రాజీ పడ్డారు.

మర్నాడు కళ్ళజోడు పెట్టుకుని ఆమె షాపు గుమ్మంలో నిలబడింది. బోర్డులు చదివింది, పైకి చదివింది, కరెంటు తీగల మీద పిట్టల్ని లెక్కపెట్టింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"ఎదురు మేడ మీదనుంచి ఒకావిడ నన్నే చూస్తోందేంటండీ?"

"ఆవిడ పాతికేళ్ళనుంచీ అందర్నీ చూస్తూనే ఉందమ్మా. మీకిప్పుడు కనిపించింది."

కాగితాల మీద సంతకాలయ్యాయి. ఏ గేరు కాస్త మొండికేస్తుందో, చైనుకు నూనె ఎప్పుడెప్పుడు వెయ్యాలో బావ ఓ కాగితం మీద పాయింట్లు రాసిచ్చాడు. అక్క సంతోషం పట్టలేక స్టూలు కూడా ఇచ్చెయ్యబోయింది. డాక్టరమ్మ స్టూలు వద్దంది గానీ, బండి స్టార్టు చేసి ఆగింది.

"మీరెప్పుడైనా దీన్ని వాగు దాటించారా?"

"లేదమ్మా."

"అయితే ఆదివారం రండి. మీ అద్దాల పెట్టె కూడా తెచ్చుకోండి. అక్కడివాళ్ళకు సీసాల మీద రాసింది కనబడక పశువులకు మందు ఎక్కువ పోస్తున్నారు. నాకంటే మీతోనే వాళ్ళకు పనెక్కువుంది."

ఆదివారం పొద్దున్నే బావ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అద్దాల పెట్టె ఒళ్ళో పెట్టుకుని, తను అమ్మేసిన బండి వెనక కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటాక, మోకాళ్ళదాకా బురదతో తిరిగొచ్చాడు. నీళ్ళు తాగి, ఊపిరి పీల్చుకుని, వాగు గురించి చెప్పడం మొదలుపెట్టాడు. నీళ్ళు చక్రాల సగందాకా వచ్చాయట. ఆమె "కాళ్ళెత్తండి" అని అరిచిందట. ఎత్తితే అటు ఒడ్డెక్కాక కూడా దించడం మరిచిపోయి, అలాగే ఓ అర కిలోమీటరు వెళ్ళాడట. గుట్ట మీద బండి ఆపితే కింద మా ఊరు కనిపించిందట. "మన షాపు బోర్డు చదవగలిగానే!" అన్నాడు అక్కతో. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం నేను వినలేదు. అక్క కూడా విననట్టుంది. బురద చొక్కా నానబెట్టాలని లేచి, మళ్ళీ కూర్చుండిపోయింది.

అప్పట్నుంచీ పదిహేను రోజులకోసారి వాళ్ళిద్దరూ వెళ్తున్నారు. ఆమె పశువుల్ని చూస్తుంది, బావ మనుషుల్ని చూస్తాడు. అక్షరాల అట్టను పశువులపాక గోడకు తగిలిస్తాడు. షాపు గదిలో దొరకని దూరం అక్కడ కావలసినంత ఉంది. చదువురానివాళ్ళ కోసమని ఈమధ్య తనే ఒక అట్ట మీద బొమ్మలు గీశాడు. పెద్దగా ఆవు, దానికింద గేదె, ఇంకా కింద చిన్నచిన్నగా మేకలు, కోళ్ళు. బావ చేతిలో ఫ్రేము వంగినట్టు పెన్సిలు వంగదు. ఆ ఆవు ఏ జాతిదన్న విషయం మీద మొదటి పల్లెలో రైతులు రెండు జట్లయి వాదించుకున్నారు.

మొన్న నేనూ వెళ్ళాను, వాగుదాకా బస్సులో, తర్వాత నడిచి. ఎనభై ఏళ్ళ ఒక ముసలమ్మను కూర్చోబెట్టి, బావ అన్నిటికంటే కింది వరసను పుల్లతో చూపించాడు.

"ఇదేంటో చెప్పవ్వా."

"మేక."

"ఇది?"

"అదీ మేకే. కుంటిది."

"కుంటిది కాదవ్వా, మామూలు మేకే. సరిగ్గా చూడు."

"మూడు కాళ్ళుంటే కుంటిదనకుండా ఏమంటారు నాయనా?" అంది ముసలమ్మ.

పక్కన దూడకు మందు పోస్తున్న డాక్టరమ్మ కూడా వచ్చి చూసింది. బావ అట్ట దగ్గరికెళ్ళి, వంగి, తన కళ్ళజోడు పైకెత్తి, వేలితో లెక్కపెట్టాడు. మూడే ఉన్నాయి. జేబులోంచి పెన్సిల్ తీసి నాలుగోకాలు గీశాడు. తర్వాత పుస్తకం తెరిచి, ముసలమ్మ పేరుకెదురుగా "కళ్ళజోడు అక్కర్లేదు" అని రాసుకుని, తర్వాతివాళ్ళను పిలిచాడు.